తడిసిన మూట

సూర్యాపేట,
29 జూన్ 2025, ఆదివారం.

అమ్మా,

నీ పేరు మీద ఒక్క ఉత్తరమైనా రావాలని ఎన్నాళ్లుగానో అంటున్నావు కదా, ఇదిగో. నువ్వు వంట చేసే బడి చిరునామాకే వేస్తున్నాను. ఇంటికి వేస్తే తమ్ముడు ముందే చింపి చదివేస్తాడు. ఫోనులో మాట్లాడదామంటే నువ్వు స్పీకరు పెడతావు. నాన్నా, తమ్ముడూ, పక్కింటి వాళ్లూ అందరూ నా సంగతులు వింటారు. ఇక ముఖ్యమైనవన్నీ ఇలా కాగితం మీదే.

బడిబాట అయిపోయింది. పోయిన అక్టోబరులో నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా తండా బడిలో పందొమ్మిది మంది పిల్లలు. ఇప్పుడు ఇరవై ఏడు! ప్రైవేటు బడి వ్యాను తండా మొదట్లో హారను కొడుతుంటే, నేను ఇల్లిల్లూ తిరిగి ఎనిమిది మందిని తెచ్చుకున్నాను. ఎండకు ముఖం నల్లబడి, అద్దంలో నన్ను నేను గుర్తుపట్టలేదు.

ఇందులో సగం భూలి చలవే. భూలి మా బడిలో వంట మనిషి. నీ ఈడే ఉంటుంది. నేను వాకిట్లో నిలబడి తెలుగులో ఉపన్యాసం ఇస్తుంటే, ఆమె పక్కనుంచి లంబాడీలో రెండు ముక్కలు అంటుంది. అవతలివాళ్లు నవ్వి, పిల్లను పంపిస్తామంటారు. ఏం చెప్పావని అడిగితే, "మేడం కొడ్తది గని తక్కువ కొడ్తదని చెప్పిన" అంటుంది. నేను అసలు కొట్టనే కొట్టనని మొత్తుకున్నా వినదు. పిల్లలు ఏమంటున్నారో నాకు తెలుగు చేసి చెప్పేది కూడా ఆమే. ఆమె మనవరాలు అఖిల ఒకటో తరగతిలో చేరింది. ఇప్పుడు వింటే లంబాడీ నాకు చాలావరకు అర్థమవుతోంది. పలికితే మాత్రం అఖిల కింద పడి నవ్వుతుంది.

హెడ్మాస్టరు మైసయ్య సారు మంచివారే. ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు. ఉన్నది మేమిద్దరమే కాబట్టి మధ్యాహ్న భోజనం పని నాకప్పగించారు. బియ్యం గది తాళం, రిజిస్టర్లు, పిల్లలకు పెట్టేముందు రుచి చూసి సంతకం చేయడం. "మా అమ్మ చేసేది ఇదే పని సార్, నాకన్నీ తెలుసు" అని గొప్పలు పోయాను.

జవాబు రాయి. తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్దనులే.

నీ టీచరమ్మ,
యమున


మిర్యాలగూడ,
జులై 9.

బిడ్డా యమునా,

నీ ఉత్తరం ముట్టింది. పోస్టాయన బడికాడికి వచ్చి "దేవమ్మ ఎవరు?" అని అడిగితె మా టీచర్లందరు నా దిక్కు సూసిండ్రు. చేతులు కడుక్కొని, కొంగుకు తుడుసుకొని తీసుకున్న. నా రాత వంకర పోతది, నవ్వకు. గీ నాలుగు అక్షరాలు గూడ మా బడి పిల్లలు నేర్పినయే.

మీ నాయినకు రైసుమిల్లుల పని బాగనే ఉన్నది. మూటలు మోసి మెడ పట్టేసింది, నూనె రాస్తున్న. తమ్ముడు పొద్దుందాక ఫోన్ల ఉంటడు.

ఒక్క మాట చెప్త, మనసుల పెట్టుకో. పదహారేండ్ల సంది గీ పొయ్యి కాడ ఉన్న. మా మేడంలు మంచోళ్లే గని, రుచి సూసే రిజిస్టర్ల పొద్దుగాల్నే సంతకం పెట్టి పక్కకు పడేస్తరు. అన్నం ఉడికిందా, పప్పుల ఉప్పు పడ్డదా, ఎవ్వలు సూడరు. నువ్వు గట్ల చెయ్యకు. పిల్లలతోని కూసొని తిను. వంటామె ఏమన్న చెప్పనీకి వస్తె చేతిల పని ఆపి ఇను. మేము ఊకె రాము బిడ్డా. మీ కుర్చీ కాడికి రావాలంటె మాకు జర భయమైతది.

వానలు పడుతున్నయి. గొడుగు లేకుంట పోకు.

అమ్మ
దేవమ్మ


సూర్యాపేట,
24 ఆగస్టు.

అమ్మా,

పేపర్లో చూశావేమో, కంగారు పడకు. పిల్లలందరూ బాగానే ఉన్నారు.

మంగళవారం మధ్యాహ్నం అన్నాలు తిన్న గంటకు మూడో తరగతి పిల్లవాడొకడు వాంతి చేసుకున్నాడు. ఎండలో పరుగెత్తి వచ్చాడు కదా, అందుకేమో అనుకున్నాను. వాడి మూతి తుడుస్తుండగానే ఇంకో ఇద్దరు. పావుగంటలో పదముగ్గురు. మైసయ్య సారు ఆ రోజు మీటింగుకు వెళ్లారు, నేనొక్కదాన్నే ఉన్నాను. రెండు ఆటోలు పిలిపించి సూర్యాపేట పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. అఖిల నా ఒడిలోనే స్పృహ తప్పింది. ఆ చిన్న చేతికి నరం దొరక్క నాలుగు చోట్ల సూది గుచ్చారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇప్పుడు ఇంటికి వచ్చింది, జావ తాగుతోంది.

బియ్యం గది పైకప్పు కారి మూలనున్న మూట తడిసిందట. అదే వండడం వల్ల ఇలా జరిగిందన్నారు. ఎంక్వైరీకి ఒక సారు వచ్చారు. మైసయ్య సారూ నేనూ రాసిచ్చాం. భూలిని వంట పనిలోంచి తీసేశారు.

ఇంకేం రాయను, అలసిపోయి ఉన్నాను.

యమున


మిర్యాలగూడ,
సెప్టెంబర్ 1.

యమునా,

పేపరు మా బడికి వస్తది. నీ ఉత్తరం కంటె ముందే చదివిన. బియ్యం తడిసిన సంగతి వంట మనిషి తమకు చెప్పలేదని ఉపాధ్యాయురాలు చెప్పిందని రాసిండ్రు. నీ పేరు లేదు. కాని అది నువ్వే.

ఆ దినం మా మేడం ఒకామె నేను వండిన అన్నం గంటెతోని అటు ఇటు కెలికి సూసింది. పదహారేండ్లల మొదటిసారి. పక్కకు నిలబడ్డ.

గది తాళం ఎవరి కాడున్నది? నీ కాడ. నీ చేతుల తాళం ఉండంగ, మూట తడిసింది ఆమెకు తెలిసి నీకు తెల్వకపోవుడేంది? ఆమె చెప్పలేదని నువ్వెట్ల రాస్తవు? ఇగ గీ ఒక్కటి చెప్పు. ఆ దినం నువ్వు ఆ అన్నం తిన్నవా? తింటె నీకెందుకు ఏం కాలే?

ఫోన్ చెయ్యకు, ఎత్తను. ఫోన్ల నువ్వు చదువుకున్న మాటలు మాట్లాడ్తవు, నేను నీతోని గెలువలేను. కాయిదం మీద రాయి.

దేవమ్మ


సూర్యాపేట,
14 సెప్టెంబర్.

అమ్మా,

రోజూ ఫోన్ చేస్తున్నాను, ఎత్తడం లేదు. నువ్వడిగినదానికి జవాబు: తినలేదు.

ఆ రోజు పొద్దున నేను నీళ్ల ట్యాంకు గద్దె మీద నిలబడి ఉన్నాను. పిల్లల ముఖాలు ఒక్కొక్కటీ ఫోనుకు చూపించి హాజరు వేయాలి. మా తండాలో సిగ్నల్ అక్కడొక్కచోటే దొరుకుతుంది. ఎంతసేపటికీ పదకొండు ముఖాలకు మించి ఎక్కలేదు. పైనుంచి మెసేజీల మీద మెసేజీలు. అప్పుడు భూలి చేటలో బియ్యం పట్టుకుని వచ్చింది.

"మేడం, మూలకున్న మూట తడిసింది. బియ్యం ముక్కిన వాసనొస్తున్నయి. కొత్త మూట తీద్దామా? జర సూడు."

నేను చేటవైపు తల కూడా తిప్పలేదు. "పాతది అయిపోకుండా కొత్తది తీస్తే నేను మళ్లీ అదంతా రాసుకోవాలి భూలీ. బాగా కడిగి వండు" అన్నాను. ఆమె కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత వెళ్లిపోయింది. రుచి చూశానని సంతకం అప్పటికే పెట్టేసి ఉన్నాను. మధ్యాహ్నం ఫోను చూసుకుంటూ, నేనుండే గదినుంచి తెచ్చుకున్న చపాతీలు తిన్నాను.

ఎంక్వైరీ రోజు మైసయ్య సారు కాగితం ముందే రాసి ఉంచారు. "నువ్వు ప్రొబేషన్ల ఉన్నవ్ తల్లీ. ఒక్క మచ్చ పడ్డదంటె ఖతం. ఆమెది కూలి పని, గిది కాకుంటె ఇంకోటి దొరుకుతది. సంతకం పెట్టు" అన్నారు. పెట్టాను.

ఆ తర్వాత భూలిని పిలిచారు. గదిలో మేం నలుగురమే. ఎంక్వైరీ సారు గొంతు పెంచి అడిగేసరికి భయంతో ఆమెకు నోట తెలుగు రాలేదు. లంబాడీలో చెప్పుకుపోయింది. బియ్యం తెచ్చి మేడానికి చూపించానని, కొత్త మూట అడిగానని, మేడమే కడిగి వండమన్నదని. "తెలుగులో చెప్పమ్మా" అన్నారాయన. భూలి నావైపు చూసింది. తను నాకోసం ఇన్నాళ్లూ చేసిన పని ఇప్పుడు నేను తనకోసం చేస్తాననుకుంది. ఆ ఇద్దరు సార్లకూ లంబాడీ రాదు. ఆ గదిలో ఆమె మాట అర్థమైంది నాకొక్కదానికే. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆయన "సమాధానం లేదు" అని రాసుకున్నారు.

అమ్మా, ఏం చేయను? నువ్వేం చెబితే అది చేస్తాను.

యమున


మిర్యాలగూడ,
సెప్టెంబర్ 19.

బిడ్డా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి పొయ్యిల పెట్టిన. గిసుంటియి కాయిదం మీద రాస్తరా? ఎవ్వలకన్న దొరికితె?

మొన్న నేను కోపంల రాసిన. నువ్వు గింత పని చేసినవనుకోలే. ఆ సారు బెదిరిస్తె ఊకున్నవేమో, జర గట్టిగ అంటె ధైర్యం తెచ్చుకుంటవనుకున్న. ఇప్పుడు నా మాట ఇను. ఎవ్వలకు చెప్పకు. మీ నాయిన మెడ సూసినవ్. పొగకు నా కండ్లెట్లయినయో సూసినవ్. నువ్వు ఆ కుర్చీల కూసుంటె మేమిద్దరం కూసున్నట్టే బిడ్డా. ఒక్కసారి పోతె మళ్ల వస్తదా గా నౌకరి?

పిల్లలు బాగైండ్రు. భూలికి పత్తి ఏరే పని దొరుకుతది. చేతులున్న మనిషి, ఎట్లనన్న బతుకుతది.

దసరా సెలవులకు ఇంటికి రా, కోడి కోస్త. కడుపు నిండ తిని పండుకో. నోరు మాత్రం తెరవకు.

నీ అమ్మ


సూర్యాపేట,
8 అక్టోబర్.

అమ్మా,

సెలవులకు రాలేదని నువ్వు అన్నం సరిగా తినడం లేదని తమ్ముడు చెప్పాడు. ఈ ఉత్తరం చదివే ముందు తిను.

నువ్వు రాసిన మాటలు అంతకుముందే విన్నాను. మైసయ్య సారు నాచేత సంతకం పెట్టించిన రోజు సరిగ్గా అవే అన్నారు. నీ చేతిరాతలో వాటిని మళ్లీ చూసినప్పటినుంచి నాకు స్థిమితం లేదు.

ఆదివారం తండాకు వెళ్లాను. భూలి పత్తి చేనులో ఉంది. నన్ను చూసి కూడా ఏరడం ఆపలేదు. నేను సాలు వెంట నడుస్తూ, తప్పు నాదేనని, క్షమించమని ఏదేదో అన్నాను. అన్నీ విని, "గవన్నీ వద్దు" అంది. "గా దినం నేను చెప్పింది నీకు అర్థమైందా, కాలేదా? గదొక్కటి చెప్పు మేడం."

"అయింది."

ఆమె చెయ్యి పత్తి కాయమీదే ఆగిపోయింది.

"కాలేదనుకున్న. మేడానికి మా మాట ఇంక పూర్తిగ రాలేదు, వస్తె చెప్పకపోవునా అని ఇంట్ల అందరితోని కొట్లాడిన. గట్ల అనుకునే ఇన్ని దినాలు బువ్వ తిన్న."

తర్వాత ఒడిలో పత్తి సర్దుకుని పక్క సాలులోకి వెళ్లిపోయింది. మళ్లీ నావైపు చూడలేదు.

సోమవారం పొద్దున మైసయ్య సారు ఇంటికి వెళ్లి ముందు ఆయనకు చెప్పాను. "నన్ను గూడ ముంచినవ్ కద తల్లీ" అని అలాగే కుర్చీలో కూలబడ్డారు. ఆయన భార్య నాకు టీ ఇవ్వబోయి మళ్లీ లోపలికి తీసుకెళ్లిపోయింది. అక్కణ్నుంచి విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లి, జరిగిందంతా నా చేత్తో రాసిచ్చాను. చేట, ట్యాంకు గద్దె, క్యాలెండరు, అన్నీ. అక్కడి అధికారి రెండుసార్లు చదివి, "ఎవరన్నా రాయించారా అమ్మా?" అని అడిగారు. లేదన్నాను.

సస్పెండు చేస్తారో, పూర్తిగా తీసేస్తారో తెలియదు. నువ్వు చెప్పినట్టు చేస్తానన్నాను. చేయలేకపోయాను.

యమున


సూర్యాపేట,
16 నవంబర్.

అమ్మా,

నెల దాటింది, నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఆర్డరు వచ్చింది. ఉద్యోగం ఉంటుంది. ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. మైసయ్య సారుకు మెమో ఇచ్చారు. నన్ను జూన్ దాకా కోదాడ దగ్గరి బడికి డిప్యుటేషన్ మీద పంపుతున్నారు. రేపే చేరాలి. భూలిని మళ్లీ పనిలోకి పిలవమన్నారు కానీ ఆమె ఇంకా సరేననలేదు.

సంగతి తెలిసిన రోజు తండా వాళ్లు బడికి వచ్చారు. "మా పిల్లలను నీ చేతుల పెడితె గిదా నువ్వు చేసేది?" అని ఒకాయన కర్ర పట్టుకుని మీదిమీదికి వచ్చాడు. మర్నాడు ఎనిమిది మంది పిల్లలు ప్రైవేటు వ్యాను ఎక్కారు. ఎండలో తిరిగి తెచ్చుకున్నవాళ్లే అందులో ఎక్కువ. కిటికీలోంచి ఒకడు నాకు చెయ్యి ఊపాడు. వాడికేం తెలుసు?

ఇదంతా ఓర్చుకున్నాను. కానీ నిన్న అఖిల ఒక మాట చెప్పింది. "మేడం, నీ అమ్మ మా ఇంట్ల ఏడ్సింది" అని. ఎప్పుడంటే పోయిన వారమట. నువ్వు మిర్యాలగూడ నుంచి సూర్యాపేట వచ్చి, నా గదికి రాకుండా, నాకు తెలియకుండా తండాకు వెళ్లి వచ్చావా? భూలిని ఏమని అడిగావు? నేను రాసిచ్చింది అబద్ధమని చెప్పమన్నావా? అదే అయితే నాకు రాయకు. నా ముఖం చూడడానికి కూడా ఇష్టం లేకపోయిందని నాకు అర్థమైంది.

క్రిస్మస్ పండుగకు రాను.

యమున


మిర్యాలగూడ,
డిసెంబర్ 27.

బిడ్డా యమునా,

క్రిస్మస్‌కు చర్చిల అందరు నీ గురించి అడిగిండ్రు. సెలవు దొరకలేదని చెప్పిన. ప్రార్థన చేసే కాడ అబద్దం చెప్పినందుకు ఇంటికొచ్చి ఏడ్సిన. ఇగ ఊకునేది లేదని గిది రాస్తున్న.

నువ్వనుకున్నదే నిజం. నేను అడగనీకే పోయిన. భూలి కాళ్లన్న పట్టుకొని, మేడానికి చెప్పలేదని ఆమెతోని ఒక కాయిదం రాయించుకొద్దామనుకున్న. మీ నాయినకు గూడ చెప్పలే. సూర్యాపేటల బస్సు దిగి ఆటో ఎక్కిన.

పోంగనె భూలి చెంబుతోని నీళ్లిచ్చింది. మేడం అమ్మనని చెప్పిన. వంట చేస్తనని చెప్పలే. చెంబు అందుకునేటప్పుడు ఆమె మణికట్టు సూసిన. గంజి వార్చేటప్పుడు ఆవిరి కొట్టిన మచ్చలు. నా చేతికున్నట్టే ఉన్నయి. అది సూసినంక గూడ అడిగిన బిడ్డా. "నా బిడ్డ నౌకరి పోతది, నువ్వు చెప్పలేదని ఒక్క మాట అను" అన్న.

భూలి కోపం చెయ్యలే. "నీ బిడ్డ మొదలు తప్పు చేసింది. తర్వాత ఒక్కతే పోయి నిజం రాసిచ్చింది. గిప్పుడు నువ్వొచ్చి గది గూడ చెరుపుతవా?" అన్నది. ఆమె నా చేతుల దిక్కు సూసి, "నువ్వు గూడ వంటామెవేనా?" అని అడిగింది. ఔనన్న. "మరి వచ్చినప్పుడే గది ఎందుకు చెప్పలే?" అన్నది.

అప్పుడు ఏడ్సిన. పదహారేండ్లు వంటామెగ బతికి, ఆ ఒక్క దినం మేడం అమ్మ లెక్క పోయిన ఆమె ఇంటికి.

నీ గదికి రానిది నీ మీద కోపంతోని కాదు. ఏం మొఖం పెట్టుకొని రావాలె? నువ్వు చేసిన తప్పు నువ్వే పోయి ఒప్పుకున్నవు. నేను దాన్ని దాసిపెట్టనీకి బస్సెక్కి పోయిన. బిడ్డ ముందట తలెత్తలేక ఇంటికి పోయిన, అంతే. గిది చెప్పనీకి నాకు ఇన్ని దినాలు పట్టింది.

కోదాడల బడి ఎట్లున్నది? అన్నం దొరుకుతున్నదా? ఫోన్ చెయ్యి. స్పీకరు పెట్టను.

అమ్మ


కోదాడ,
19 ఏప్రిల్ 2026.

అమ్మా,

ఫోనులో రోజూ మాట్లాడుకుంటున్నా ఇది కాగితం మీదే చెప్పాలనిపించింది.

ఇక్కడి పిల్లలు నన్ను "మేడం గారండీ" అంటారు. నేను "గీడ కూసో" అంటే ఒకరినొకరు చూసుకుని నవ్వుతారు. తరగతి నిండా పిల్లలున్నారు. ఎక్కాల పోటీలో మా నాలుగో తరగతి గెలిచింది. కొన్ని రోజులు అంతా మరిచిపోయి హాయిగానే పాఠం చెప్పాను. కొన్ని రోజులు ఎవరైనా పిల్ల కడుపు పట్టుకుంటే చాలు, సుద్దముక్క పడేసి పరుగెత్తేదాన్ని.

గురువారం కాగితాల పని మీద తండా బడికి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లే ముందు రాత్రంతా ఏవేవో మాటలు కూర్చుకున్నాను. మైసయ్య సారు లేచి కుర్చీ చూపించారు. కళ్లలోకి చూడకుండానే, "మెమో వస్తే వచ్చింది గని తల్లీ, అప్పటిసంది జర నిమ్మళంగ ఉన్నది" అన్నారు. పిల్లలు పందొమ్మిది మందే ఉన్నారు. అఖిల వచ్చి నా చేతి సంచి పట్టుకుని, నేను కదిలితే కదులుతూ తిరిగింది.

జనవరి నుంచి భూలి మళ్లీ వంటకు వస్తోంది. నేను వెళ్లేసరికి గిన్నెలు తోముతోంది. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. కూర్చుకున్న మాటలు నేను మొదలుపెట్టకముందే ఆమే అడిగింది.

"జూన్ల మళ్లొస్తవా మేడం?"

"ఆర్డరు ప్రకారం రావాలి. మీరు వద్దంటే కోదాడలోనే ఉంచమని రాసిస్తాను."

ఆమె గిన్నె బోర్లించి, చేతులు కడుక్కుని లేచింది. అఖిలను ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

"రా. పిల్లలకు నువ్వు కావాలె. వ్యాను ఎక్కిపోయినోళ్లను గూడ తిరిగి తేవాలె కద." చేతులు కొంగుకు తుడుచుకుంది. "నాతోని మాత్రం కొన్ని దినాలు మాట్లాడకు మేడం. నాకు మాట్లాడబుద్ధయిన దినం నేనే మాట్లాడ్త."

సరేనని నోటిదాకా వచ్చింది. మాట్లాడొద్దంది కదా అని ఆపుకుని, తల మాత్రం ఊపాను.

శుక్రవారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను.

నీ యమున